రీసైకిల్డ్ ఉన్ని కోటు, నాలుగు చలికాలాల తర్వాత: కుట్టు నిలిచింది, బట్ట చిరిగింది

జేబు మూల ఊడిందంటే ఎవరైనా కుట్టు తెగిందనే అనుకుంటారు. ఈ కోటులో కుట్టు చెక్కుచెదరలేదు. దారం ముడి సహా అలాగే ఉంది. దాని చుట్టూ ఉన్న బట్టే తపాలా బిళ్ళను చిల్లుల వెంబడి చింపినట్టు ఊడొచ్చింది. నాలుగు చలికాలాలు వాడిన కోటు గురించి చెప్పాల్సినవి ఇంకా ఉన్నాయి, మంచివే ఎక్కువ. కానీ ఎవరైనా ‘ఎలా ఉంది, కొనొచ్చా’ అని అడిగితే ముందు నోట్లోకి వచ్చేది ఆ మూల సంగతే.

కోటు తుంటి దాటి నాలుగు వేళ్ళు కిందికి దిగుతుంది. ముందు నాలుగు గుండీలు, పైన అతికించి కుట్టిన రెండు పెద్ద జేబులు, భుజాల్లో ప్యాడింగ్ లేదు. బట్ట ఇటలీలోని ప్రాతోలో నేసింది. లోపలి లేబుల్ ప్రకారం 65 శాతం రీసైకిల్డ్ ఉన్ని, 20 శాతం పాలిస్టర్, 10 శాతం నైలాన్, 5 శాతం ‘ఇతర పోగులు’. వాడకం ఇంగ్లండ్‌లో, లీడ్స్‌లో. అక్టోబరు చివర నుంచి మార్చి దాకా, 2 నుంచి 10 డిగ్రీల చలిలో, వారానికి ఐదు రోజులు, బస్సు ప్రయాణం, కాస్త నడక, ఎడమ భుజానికి ల్యాప్‌టాప్ సంచి. ఆ సంచి పాత్ర ఈ కథలో చిన్నదేం కాదు.

ముందు రంగు గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ కోటు కొనిపించింది అదే. దూరం నుంచి చూస్తే బూడిద కలిసిన నీలం. కిటికీ దగ్గర, జానెడు దూరంలో పెట్టుకుని చూస్తే ఆ నీలం మాయమైపోతుంది. ఇటుక ఎరుపు, ఆవపువ్వు పసుపు, నెమలికంఠం, గచ్చకాయ రంగు, మాసిన తెలుపు, వీటి నలుసులు ఒకదాని పక్కన ఒకటి కనిపిస్తాయి. ప్రాతోలో పాత స్వెట్టర్లూ కోట్లూ రాగానే జిప్పులు, గుండీలు, లైనింగ్ తీసేసి రంగుల వారీగా కుప్పలు పెడతారు. ఆ పని చేసేవాళ్ళకు అక్కడ ‘చెంచాయోలి’ అని పేరు కూడా ఉంది. ఏ కుప్పలోంచి ఎంత తీసి కలిపితే కావలసిన రంగు వస్తుందో చూసుకుని కలుపుతారు, అందుకే చాలా బట్టలకు మళ్ళీ అద్దకం అక్కర్లేదు. ఒకే రంగులో ముంచి తీసిన బట్టకు ఈ లోతు రాదు.

వాడకంలో దీనివల్ల ఒనగూరేది ఏమిటంటే, దుమ్ము, దూది నలుసులు, తల వెంట్రుకలు దీని మీద కనపడవు. కొత్త ఉన్నితో చేసిన నల్లకోటు పక్కన వేలాడదీసి చూస్తే తేడా తెలుస్తుంది. రెండో లాభం చిరుగు కుట్టేటప్పుడు బయటపడింది. అది కింద చెబుతాను. నష్టం కూడా ఒకటుంది. ముదురు రంగులూ బూడిద రంగులూ తప్ప, తేటగా ఉండే లేత రంగులు రీసైకిల్డ్ ఉన్నిలో దొరకడం తక్కువ. గంధం రంగో మీగడ రంగో కోటు కావాలనుకునేవాళ్ళు ఇటు చూడక్కర్లేదు.

ఆకారం విషయంలో ఫిర్యాదు లేదు. భుజాల్లో ఏమీ కూర్చలేదు కాబట్టి కుర్తా మీద వేసినా, టీషర్టు మీద వేసినా, మందపాటి స్వెట్టర్ మీద వేసినా ఆఫీసు కోటు అరువు తెచ్చుకుని వేసుకున్నట్టు ఉండదు. చంక దగ్గర వదులు సరిపోయేంత ఉంది, బస్సులో పైన రాడ్డు పట్టుకున్నా కోటు మొత్తం పైకి లేవదు. కాకపోతే మోచేతుల దగ్గర బుడిపెలా సాగుతుంది. రెండు గంటలు చేతులు మడిచి కూర్చుంటే సాయంత్రానికి మోచెయ్యి ఆకారం చేతిలో అచ్చు పడి ఉంటుంది. తడిబట్ట పరిచి ఆవిరి పట్టిస్తే ముప్పాతిక పోతుంది, పావు మిగులుతుంది.

ఇక జేబు. మొదటి చలికాలంలో ఈ కోటులో అన్నిటికంటే నచ్చినవి ఆ జేబులే. చెయ్యి మణికట్టు దాకా దిగుతుంది. లోపల నూనెగుడ్డలా జారే లైనింగ్ కాకుండా మెత్తటి నూలుబట్ట వేశారు. చేతితొడుగులు మరిచిపోయిన రోజు కూడా ఇబ్బంది లేదు. ఫోను, తాళాలు, మడిచిన గొడుగు, అన్నీ పడతాయి. పట్టడమే కొంప ముంచింది.

రెండో చలికాలం చివర, ఎడమ జేబుకు పక్కకుట్టు వైపు ఉండే పై మూలలో మొదటి గుర్తు కనిపించింది. బార్‌ట్యాక్ చుట్టూ, అంటే జేబు మూల ఊడకుండా మిషన్ మీద దగ్గరదగ్గరగా వేసే ఆ చిన్న గట్టి కుట్టు చుట్టూ, బట్ట కాస్త పలచబడి తెల్లటి వలయంలా కనిపించింది. దీపానికి ఎదురుగా పెడితే సూదిమొనంత చుక్కలు వరసగా వెలిగాయి. అప్పుడే లోపల ఒక పట్టీ వేసి ఉంటే అక్కడితో ఆగిపోయేది. ఇంకో మూడు వారాలకు, జేబులో చెయ్యి పెట్టి బస్సు దిగుతుండగా, సంచి పట్టీ వెనక్కి లాగడంతో మూల ఊడింది. అడ్డంగా సెంటీమీటరు, అక్కణ్ణుంచి కిందికి రెండున్నర సెంటీమీటర్లు, తిరగేసిన ‘ఎల్’ అక్షరంలా చిరిగింది. బార్‌ట్యాక్ మాత్రం కోటు నుంచి ఊడిన ఉన్ని ముక్కను పట్టుకుని జేబుకే వేలాడుతోంది.

ఇలా ఎందుకు జరిగిందో తెలియాలంటే పాత ఉన్ని మళ్ళీ బట్ట ఎలా అవుతుందో చూడాలి. గుడ్డ ముక్కల్ని ముళ్ళ రోలర్ల మధ్య వేసి పీకుతారు. నేత విడిపోతుంది, దారం పురి విడిపోతుంది, చివరికి ఉన్ని వెంట్రుకలు మిగులుతాయి. ఆ పీకుడులో వెంట్రుకలు తెగుతాయి. మెరినో గొర్రె నుంచి వచ్చే కొత్త ఉన్ని వెంట్రుక సాధారణంగా 6 నుంచి 8 సెంటీమీటర్లు ఉంటుంది. ఈ కోటు అంచు మడతలోంచి ఒక పోగు లాగి, పురి విప్పి, తెల్లకాగితం మీద పరిచి స్కేలు పెట్టి చూస్తే ఎక్కువ వెంట్రుకలు 1 నుంచి 2 సెంటీమీటర్లే. వాటి మధ్య నైలాన్ పోగులు మాత్రం నిటారుగా, మెరుస్తూ, 4 సెంటీమీటర్ల దాకా ఉన్నాయి. దారాన్ని దారంగా పట్టి ఉంచేది వెంట్రుకల మధ్య రాపిడే. పొట్టి వెంట్రుకలకు ఒకదాన్నొకటి పట్టుకునే చోటు తక్కువ. అందుకే నైలాన్ కలుపుతారు. అది కల్తీ కాదు, అది లేకపోతే ఈ ఏకును వడకడమే కష్టం.

ఇలాంటి బట్ట మీద బార్‌ట్యాక్ వేస్తే ఏమవుతుందో ఊహించుకోండి. సెంటీమీటరు చిల్లర పొడవులో పాతిక దాకా సూదిపోట్లు. ప్రతి పోటు దగ్గరా పొట్టి వెంట్రుకలు పక్కకు తప్పుకుంటాయి, కొన్ని తెగుతాయి. కొత్త ఉన్ని బట్టయితే పొడవాటి పోగులు ఆ పోట్ల మధ్య నుంచి వంతెనలా సాగి బరువు మోస్తాయి. ఇక్కడ వంతెనకు పొడవు చాలదు. గట్టి కుట్టు బలహీనమైన బట్టను కోసేస్తుంది. ఏకు మేకయిందంటారే, ఇక్కడ అక్షరాలా అదే: మూలను కాపాడాల్సిన కుట్టే మూలలో మేకులా దిగింది.

తప్పు బట్టదా, కుట్టినవాళ్ళదా? నా మట్టుకు కుట్టినవాళ్ళదే. పొట్టి పోగుల బట్ట అని తెలిసీ మామూలు కోటుకు వేసే జేబునే వేశారు. లోపల చెయ్యి పెట్టి తడిమితే జేబు మూల వెనక ఏమీ లేదు. పట్టీ లేదు, ఫ్యూజింగ్ (ఇస్త్రీ వేడికి వెనక అంటుకునే బట్ట) లేదు, చిన్న గుడ్డముక్క కూడా లేదు. కాలర్‌కీ ముందు అంచుకీ కాన్వాస్ వేసి, చేతులు రోజుకు ఇరవైసార్లు దూరే చోట వదిలేశారు. అమ్మిన కంపెనీకి ఫొటోలు పంపితే, వాడకంలో వచ్చే అరుగుదల వారంటీలోకి రాదని రెండు వాక్యాల్లో జవాబిచ్చింది. దర్జీ దగ్గరికి తీసుకెళ్తే 35 పౌండ్లు అడిగాడు, బార్‌ట్యాక్ మళ్ళీ అక్కడే వేస్తానన్నాడు. అదే చోట మళ్ళీ అదే కుట్టు వేయించుకోవడం కంటే ఇంట్లో కుట్టుకోవడం నయం. ఇలాంటి బట్టకు పనికొచ్చే పద్ధతి కాబట్టి వివరంగా చెబుతున్నాను.

బార్‌ట్యాక్‌ను జేబు వైపు నుంచి, అంటే పై నుంచి, ఒక్కొక్క దారం తుంచి తీయాలి. కోటు వైపు నుంచి లాగితే మిగిలిన బట్ట కూడా దాంతోపాటే వస్తుంది. తర్వాత జేబు పక్కకుట్టు 6 సెంటీమీటర్లు విప్పి, జేబును మడిచి పక్కకు పిన్ను పెట్టాలి. కోటు అడుగు అంచు దగ్గర లైనింగ్ ఒక 15 సెంటీమీటర్లు విప్పితే చిరుగు వెనక్కి చెయ్యి చేరుతుంది.

చిరుగు అంచుల్లో వేలాడే పోగులు కత్తిరించకూడదు. ఆవిరి చూపించి వేలితో వాటి దారిలోకి వాటిని సర్దాలి. అప్పుడు వెనక నుంచి ఫ్యూజింగ్ ముక్క. గట్టి బక్రం వద్దు. టీషర్టులా సాగే అల్లిక ఫ్యూజింగ్ కావాలి. చిరుగుకు నాలుగు వైపులా కనీసం 2 సెంటీమీటర్లు మించాలి, మూలలు గుండ్రంగా కత్తిరించాలి. చదరపు మూల ఉంటే ఆ మూల దగ్గరే కొత్త చిరుగు మొదలవుతుంది. ఇస్త్రీ పెట్టె రెండు చుక్కల వేడిలో, తడిపి పిండిన నూలుగుడ్డ మీద నుంచి, జరపకుండా పది పన్నెండు సెకన్లు అదమాలి. జరిపితే పోగులు మళ్ళీ చెదురుతాయి. చల్లారేదాకా ముట్టుకోకూడదు.

ఇప్పుడు రఫూ. దానికి దారం కోటులోంచే తీసుకోవచ్చు. అడుగు అంచు మడతలో 4 సెంటీమీటర్ల బట్ట ఉంది, అందులోంచి పోగులు లాగాను. మొదటి నాలుగు పోగులు సూదిలో ఎక్కించి లాగగానే తునిగిపోయాయి, పొట్టి వెంట్రుకల మహిమ. రెండు సంగతులు పాటిస్తే నిలుస్తాయి. జానెడు కంటే పొడవు తీసుకోకూడదు, ఉన్ని పోగుతో పాటు సన్నటి పాలిస్టర్ దారం ఒకటి కలిపి ఎక్కించాలి. ముందు పడుగు దిశలో, తర్వాత పేక దిశలో, ఒకటి వదిలి ఒకటి ఎత్తుతూ చిరుగు అంచుకు సెంటీమీటరు అవతల నుంచి మొదలుపెట్టాలి. వరస చివర బిగించకుండా చిన్న ఉచ్చు వదలాలి, లేకపోతే బట్ట ముడుచుకుంటుంది. ఇందాక చెప్పిన రంగుల లాభం ఇక్కడే. ఇన్ని రంగుల నలుసుల మధ్య రఫూ కలిసిపోయింది. అడుగు దూరం నుంచి ఎక్కడ చిరిగిందో చూపించమంటే నాకే రెండు క్షణాలు పట్టింది. ఒకే రంగు కోటయితే ఇంత బాగా దాగదు.

అన్నిటికంటే ముఖ్యం పట్టీ. 2 సెంటీమీటర్ల వెడల్పు నూలు ట్విల్ టేపు, 8 సెంటీమీటర్ల ముక్క, జేబు మూల వెనక నుంచి అడ్డంగా పక్కకుట్టు దాకా. దాని ఒక కొసను పక్కకుట్టు లోపలి మడతకు చేతికుట్టుతో బిగించాలి. ఇలా చేస్తే జేబు మూల మీద పడే లాగుడు బలహీనమైన బట్ట మీద ఆగకుండా, రెండు పొరల మడతా కుట్టూ ఉన్న చోటికి వెళ్ళిపోతుంది. తర్వాత జేబును మళ్ళీ కుట్టాలి. 90 నంబరు సూది, 3 మిల్లీమీటర్ల కుట్టు, అంతకంటే దగ్గరగా వద్దు. మూలలో బార్‌ట్యాక్ బదులు సెంటీమీటరు భుజాల త్రిభుజం, జేబు, కోటు, టేపు మూడూ కలిపి. పోట్లు చెల్లాచెదురుగా పడతాయి, చిల్లుల వరస ఏర్పడదు. మొత్తం రెండున్నర గంటల పని. రెండు చలికాలాలుగా ఆ మూల కదల్లేదు. కుడి జేబుకు చిరగకముందే ఇదే పట్టీ వేస్తే అరగంటే పట్టింది, ఎందుకంటే రఫూ పని లేదు. కొత్తగా కొనేవాళ్ళు మొదటి వారంలోనే ఆ అరగంట ఖర్చుపెట్టొచ్చు.

జేబు తర్వాత ఉండలు. ఉన్ని బట్టకు ఉండలు కట్టడం కొత్త కాదు, కానీ ఇది రీసైకిల్డ్ కాబట్టి మొదటి నెలలోనే మొదలైంది. సంచి పట్టీ కింద భుజం, సంచి ఒరుసుకునే ఎడమ తుంటి, బల్లకు ఆనే ముంజేతి అడుగు, ఈ మూడు చోట్లే ఎక్కువ. వీపు, కాలర్ ఇప్పటికీ కొత్తవాటిలాగే ఉన్నాయి. పొట్టి వెంట్రుకల కొసలు సులభంగా పైకి లేస్తాయి, ఒరుసుకుని చుట్టుకుంటాయి. స్వచ్ఛమైన ఉన్ని అయితే ఆ ఉండ కొన్నాళ్ళకు కాడ తెగి దానంతటదే రాలిపోతుంది. ఇక్కడ కాడ నైలాన్‌ది. అది తెగదు, ఉండను వదలదు. దారానికి బలం ఇవ్వడానికి కలిపిన పోగే ఉండలకు కొక్కెం అయింది. వేలితో గిల్లుతూ కూర్చుంటే గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరుకున్నట్టే, ఒకటి తీస్తే పక్కన రెండు లేస్తాయి.

గొంగడి మాట వచ్చింది కాబట్టి, తెలంగాణలో కురుమలు దక్కనీ గొర్రె ఉన్నితో నేసే గొంగడికి ఈ బాధ తక్కువ. ఆ వెంట్రుక ముతక, బిరుసు, అంత తేలిగ్గా చుట్టుకోదు. పైగా పడుగుకు చింతగింజల గంజి పట్టించి నేస్తారు. కానీ దాన్ని మెడకు తగిలేలా కాలర్‌గా కుట్టించుకుని చూడండి. మెత్తదనం కావాలంటే ఉండలు భరించాలి, రెండూ ఒక బట్టలో కుదరవు.

ఉండలు తీసే బ్యాటరీ మిషన్ వాడొచ్చు, కానీ చలికాలానికి రెండుసార్లకు మించి వద్దు. కోటును గట్టి బల్ల మీద పరవాలి. జేబులు ఖాళీ చెయ్యాలి, లేకపోతే లోపల తాళంచెవి ఎత్తుగా ఉన్న చోట బ్లేడు బట్టనే తింటుంది. గుండీ కింద అట్టముక్క పెట్టాలి, లేదంటే గుండీ దారం తెగుతుంది. అదమకుండా, గుండ్రంగా కాకుండా, నేత దిశలో తేలిగ్గా జరపాలి. రాయిలా ఉండే గీకుడు దిమ్మలు ఈ బట్టకు అసలు పనికిరావు, ఉండతో పాటు దారం పురి కూడా లేపుతాయి. రోజూ ఇంటికి రాగానే పందివెంట్రుకల బ్రష్‌తో పై నుంచి కిందికి పదిసార్లు దువ్వితే మిషన్ అవసరమే సగానికి తగ్గుతుంది. ఇది రెండో చలికాలంలో మొదలుపెట్టిన అలవాటు, మొదటి రోజు నుంచే ఉండాల్సింది.

ఆ మిషన్ వల్ల ఒక నష్టం ఆలస్యంగా తెలిసింది. మొదట్లో ఈ కోటు జల్లును బాగా ఆపేది. లీడ్స్ ఉన్న యార్క్‌షైర్ ప్రాంతపు తుంపర నూగు మీదే ముత్యాల్లా నిలిచేది, దులిపితే రాలిపోయేది. అప్పట్లో అడిగినవాళ్ళందరికీ ‘గొడుగు అక్కర్లేదు’ అనే చెప్పాను. మూడో చలికాలం నుంచి భుజాల మీద నూగు పోయింది. సంచి పట్టీ కొంత, మిషన్ కొంత తీసేశాయి. ఇప్పుడు పావుగంట తుంపరలో నడిస్తే ఎడమ భుజం లైనింగ్ దాకా తడుస్తుంది. వీపు మీద మాత్రం నీళ్ళు ఇంకా జారుతున్నాయి. కాబట్టి ఆ పాత మాటను సవరించుకోవాలి: గొడుగు అక్కర్లేనిది మొదటి రెండేళ్ళే.

వెచ్చదనం గురించి కూడా అంతే. 5 డిగ్రీల్లో సన్న స్వెట్టర్ మీద హాయిగా ఉంటుంది, గాలి లేకపోతే. నేత వదులు, గాలిని ఆపదు. గాలి వీచే రోజు 5 డిగ్రీలు కూడా రెండు స్వెట్టర్లు అడుగుతాయి. హైదరాబాదు డిసెంబరు పొద్దులకు ఇది చాలినంత కంటే ఎక్కువే. కానీ బైకు మీద వెళ్ళేవాళ్ళకు నప్పదు, ఛాతీలోకి గాలి తిన్నగా దిగుతుంది. లోపల పలచటి విండ్‌చీటర్ వేసుకుంటే సరిపోతుంది, అయితే అప్పుడు అందం సంగతి మరిచిపోవాలి.

తడిస్తే ఆరబెట్టడం ఒక పద్ధతి. జేబులు ఖాళీ చేసి, వెడల్పాటి భుజాల హ్యాంగరుకు తగిలించి, గుండీలు పెట్టి, మామూలు గది గాలిలో వదిలేయాలి. గదిని వేడిచేసే రేడియేటర్ మీద వేస్తే ఉన్ని బిరుసెక్కుతుంది. సన్నటి తీగ హ్యాంగరు వాడితే తడి బరువుకు భుజంలో కొమ్ము లేస్తుంది, అది ఆవిరికి కూడా తగ్గదు. డ్రై క్లీనింగ్ ఏడాదికి ఒక్కసారి, మార్చి చివర. మరక ఉంటే ఆ చోట మాత్రం చల్లటి నీళ్ళు, చుక్క ఉన్ని సబ్బుతో తడిగుడ్డ అద్దాలి, రుద్దకూడదు. వాషింగ్ మిషన్‌లో వేస్తే బట్ట, ఫ్యూజింగ్, లైనింగ్ మూడూ మూడు కొలతల్లో కుంచించుకుపోతాయి.

ఎండాకాలం దాచడం దగ్గర మన ఇళ్ళల్లో పొరపాటు జరుగుతుంది. క్లీనింగ్‌వాళ్ళు ఇచ్చిన ప్లాస్టిక్ కవరులోనే ఉంచేస్తారు. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల ఆ ఉక్కకు బూజు పట్టడం ఖాయం. పాత పంచెలోనో దుప్పటిలోనో చుట్టాలి. చిమ్మట పురుగు తినేది ఉన్నినే, అందులోనూ చెమట, తిండి మరక ఉన్న చోట ముందు తింటుంది. కాబట్టి శుభ్రం చేయకుండా దాచకూడదు. కలరా ఉండలు వేస్తే పురుగు రాదు, నిజమే, కానీ ఆ వాసన డిసెంబరు దాకా పోదు. వేపాకు పెట్టేవాళ్ళు పూర్తిగా ఎండబెట్టి, గుడ్డలో మూటకట్టి పెట్టాలి, పచ్చిది పెడితే మరక పడుతుంది.

లేబుళ్ళ గురించి రెండు మాటలు. ‘రీసైకిల్డ్’ అనే మాట కింద రెండు వేర్వేరు సంగతులు దాగుంటాయి. ఒకటి జనం వాడి పారేసిన బట్టలు, రెండోది మిల్లులో మిగిలిన కత్తిరింపులు, దారపు వ్యర్థం. జీఆర్‌ఎస్ (గ్లోబల్ రీసైకిల్డ్ స్టాండర్డ్) గుర్తు కొనేవాళ్ళకు కనిపించేలా వేయాలంటే రీసైకిల్డ్ పదార్థం కనీసం 50 శాతం ఉండాలి. ఆర్‌సీఎస్ (రీసైకిల్డ్ క్లెయిమ్ స్టాండర్డ్) అనే ఇంకో గుర్తుకు 5 శాతం ఉన్నా చాలు, అంచేత పక్కన అంకె ఎంత ఉందో చూడకుండా గుర్తును చూసి మురిసిపోకూడదు. ఇవేవీ బట్ట ఎన్నాళ్ళు మన్నుతుందో చెప్పవు. ప్లాస్టిక్ సీసాల నుంచి చేసే పాలిస్టర్ కథ వేరు. దాన్ని కరిగించి కొత్తగా పోగు తీస్తారు కాబట్టి పొట్టిదయ్యే సమస్య లేదు. ఈ కోటు లైనింగ్ అదే, నాలుగేళ్ళలో దానికి ఏమీ కాలేదు. సమస్యంతా పీకి తీసిన పోగుతోనే.

ఈ విద్య కొత్తదేమీ కాదు. పాత ఉన్నిని పీకి మళ్ళీ వడికే ‘షాడీ’ పద్ధతిని 1813లో బెంజమిన్ లా మొదలుపెట్టింది బ్యాట్లీలో, లీడ్స్ పక్క ఊళ్ళో. ఆ మాటకు ఇంగ్లీషులో నాసిరకం అనే అర్థం స్థిరపడిపోయింది. మన దేశంలో ఇదే పని పానీపట్‌లో పెద్దఎత్తున జరుగుతుంది. వరదలకూ తుపాన్లకూ సహాయంగా పంచే బూడిదరంగు దుప్పట్లు చాలావరకు అక్కడి షాడీ ఉన్నివే. అలాంటి దుప్పటి కప్పుకున్నవాళ్ళకు ఈ కోటు బట్ట స్వభావం కొత్తగా చెప్పక్కర్లేదు. దాన్నే మెత్తగా, అందంగా, రంగు చూసి నేస్తే ఈ కోటు.

కొట్లో చూసేటప్పుడు ఏం చూడాలంటే, జేబు మూల వెనక, లైనింగ్ మీద నుంచి రెండు వేళ్ళతో నలపండి. అక్కడ కాస్త గట్టిగా, పట్టీ ఉన్నట్టు తగిలితే మంచిది. తర్వాత అడుగు అంచు లోపలి వైపు అరచేత్తో ఇరవైసార్లు గట్టిగా రుద్దండి. అప్పుడే నూగు గింజలు కడితే ఆ బట్ట నెలలో ఉండలు కడుతుంది. అంచు మడత 3 సెంటీమీటర్ల కంటే తక్కువ ఉంటే రేపు రఫూకు పోగు దొరకదు. అతికించిన జేబు కాకుండా పక్కకుట్టులోనే కలిపి కుట్టిన జేబు ఉన్న మోడల్ దొరికితే, చూపుకు కాస్త చప్పగా ఉన్నా, అదే తీసుకోవడం మేలు. బరువు కుట్టు మీద పడుతుంది, బట్ట మీద కాదు.

మళ్ళీ కొంటానా అంటే, సంచి అలవాటును బట్టి ఉంటుంది. వీపు సంచి వేసుకునేవాళ్ళకు రెండు భుజాలూ అరుగుతాయి, వాళ్ళకు కొనమని చెప్పను. చేతిసంచితో తిరిగేవాళ్ళు, కారులో వెళ్ళొచ్చేవాళ్ళు ఇదే కోటును ఏడెనిమిదేళ్ళు వాడొచ్చనిపిస్తోంది, ఒరిపిడి తగలని వీపు భాగం చూస్తే. సూదీ దారం పట్టే ఓపిక లేనివాళ్ళు పూర్తి ధరకు కొనకూడదు. జనవరి తగ్గింపుల్లో, సగానికి దగ్గరగా దొరికితే ఆలోచించొచ్చు. అదే ధరకు కొత్త ఉన్ని కోటు దొరికి, రంగు పట్టింపు లేకపోతే అదే ఎక్కువ మన్నుతుంది.

ప్రస్తుతం ఎడమ మోచెయ్యి దీపానికి ఎదురుగా పెడితే జల్లెడలా చుక్కలు కనిపిస్తున్నాయి, జేబు మూల చిరగడానికి మూడు వారాల ముందు అక్కడ కనిపించినట్టే. అక్టోబరు లోపు చేతి లైనింగ్ విప్పి లోపల సాగే ఫ్యూజింగ్ అరచెయ్యంత వేస్తే ఐదో చలికాలం గడుస్తుంది. వెయ్యకపోతే డిసెంబరు దాటదు.